క్లారినెట్ పట్టుకుంటే ఇల్లు గడుస్తుందా? బ్యాండు మేళం నుంచి పీహెచ్‌డీ దాకా వెళ్లినవాడి జవాబు

ముందు మీరు అడిగింది ఇంకోసారి చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థమవ్వాలి కదా. మీ తమ్ముడు డిగ్రీ రెండో ఏడాది. పోలీసు బ్యాండులో చేసి రిటైరైన మీ మావయ్యగారి దగ్గర ఆరేళ్లుగా క్లారినెట్ నేర్చుకుంటున్నాడు. ఇప్పుడు ఉద్యోగాల జోలికి పోను, కచేరీలు చేస్తాను, పిల్లలకు నేర్పుతాను, సొంతంగా బాణీలు కడతాను, పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకుంటాను అంటున్నాడు. మీ నాన్నగారు ససేమిరా అంటున్నారు. ఒక మనిషి ఈ నాలుగూ చేయగలడా, చేసినా ఇల్లు గడుస్తుందా అని మీ ప్రశ్న.

గడుస్తుందమ్మా. కానీ వాయించడం ఒక్కదాని మీద గడవదు. నాకు తెలిసిన క్లారినెట్ వాళ్లలో కచేరీల డబ్బుతోనే పిల్లల ఫీజులు కట్టినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. మిగతావాళ్లం అందరం రెండు మూడు పనులు కలిపి లాక్కొస్తున్నవాళ్లమే. అయితే మీ తమ్ముడు చెప్పిన నాలుగూ విడివిడి పనులనుకుంటే మాత్రం మనిషి నలిగిపోతాడు. నేను పదిహేనేళ్లు అలాగే అనుకుని నలిగాను. నిజానికి అవి వేళ్ల కింద తగిలే ఒకే చిక్కుని నాలుగు వైపుల నుంచి విప్పడం. నా విషయంలో ఆ చిక్కు ఏమిటో కింద చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

మాది తెనాలి దగ్గర ఒక ఊరు. తాత సన్నాయి, నాన్న బ్యాండు మేళంలో క్లారినెట్. 1986లో, నాకు పద్నాలుగేళ్లప్పుడు, నాన్న పక్కన నిలబడి రెండో క్లారినెట్ వాయించడం మొదలుపెట్టాను. తర్వాత విజయవాడలో కర్ణాటక సంగీతం డిప్లొమా, మద్రాసులో కొన్నాళ్లు స్టూడియోల చుట్టూ తిరగడం, ఆపైన హైదరాబాదు, నలభై దాటాక పీహెచ్‌డీ. ఇప్పుడు వారంలో ఐదు రోజులు పాఠాలు చెప్తాను. కాబట్టి ఇది కెరీర్ కౌన్సెలింగ్ కాదు, దెబ్బలు తిన్నవాడి మాట.

మొదట అడగాల్సింది: ఏ క్లారినెట్? అదేం ప్రశ్న అనుకోకండి. మన దగ్గర క్లారినెట్‌కి మూడు వేర్వేరు లోకాలున్నాయి, ఒకదానిలోవాళ్లకు ఇంకోదాని సంగతి పెద్దగా పట్టదు. ఒకటి బ్యాండు, అంటే పెళ్లి మేళాలూ పోలీసు, మిలిటరీ బ్యాండులూ. రెండోది కర్ణాటక సంగీత కచేరీ. మూడోది పాశ్చాత్య సంగీతం, గ్రేడు పరీక్షలు, ఆర్కెస్ట్రాలు. మీ మావయ్యగారు పోలీసు బ్యాండు కాబట్టి మీ తమ్ముడికి స్టాఫ్ నొటేషన్, అంటే గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య పద్ధతి, చదవడం వచ్చి ఉంటుంది. అది వచ్చుంటే సగం గెలిచినట్టే. మా నాన్న ఐదొందల పాటలు వాయించేవాడు, ఒక్క గీత చదవలేడు, ఆయన జీవితం ఊరేగింపు దాటకపోవడానికి అదొక్కటే కారణమని నేను ఇప్పటికీ నమ్ముతాను.

ఇక వాయించడం గురించి.

పెళ్లి బ్యాండుని చిన్నచూపు చూసేవాళ్లు చాలామంది ఉన్నారు, కాలేజీలో మా మాష్టార్లు కూడా చూసేవారు. నాకు మాత్రం ఊపిరి, బలం, జనాన్ని చూసి పాట మార్చే ఒడుపు అక్కడే వచ్చాయి. మాఘమాసంలో తెల్లవారుజామున నాలుగున్నరకు ముహూర్తం ఉంటుంది చూడండి, అప్పుడు తెలుస్తుంది క్లారినెట్ అంటే ఏమిటో. చలికి గొట్టం చల్లబడి శ్రుతి దిగిపోతుంది. పక్కన కీబోర్డు మాత్రం దిగదు, అది కరెంటుతో పలికేది కదా. అందుకని నాన్న అరగంట ముందే అన్ని రంధ్రాలూ మూసి శబ్దం రాకుండా లోపలికి వేడి గాలి ఊదుతూ కూర్చునేవాడు, శాలువాలో చుట్టి చంకలో పెట్టుకునేవాడు, పసిపిల్లని పెట్టుకున్నట్టు. రీడు, అంటే మౌత్‌పీసుకి బిగించే పలచటి రెల్లు ముక్క, మెత్తబడితే చిన్న అద్దం ముక్క మీద పెట్టి కొసని వెంట్రుకవాసి కత్తిరించడం, గట్టిగా ఉంటే బ్లేడుతో మెల్లగా గీకడం. ఎక్కువ గీకితే అది ఇక చెత్తబుట్టకే. ఈ పని నేను తర్వాత ఏ పుస్తకంలో చదివినా నాన్న చేతులే కనిపించేవి.

స్టూడియో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ తమ్ముడి కలల్లో అది తప్పకుండా ఉంటుంది. 1994లో మద్రాసులో ఒక సినిమా రీరికార్డింగ్‌కి, అంటే నేపథ్య సంగీతానికి, పిలిచారు, నాకు అదే మొదటి పెద్ద కాల్షీట్. నా ముందు స్వరాల కాగితం పెట్టారు. ఉన్నది ఉన్నట్టు వాయించాను. అంతా ఆగిపోయింది, కండక్టరు గారు లేచి "ఆ క్లారినెట్ ఎవరయ్యా?" అన్నారు. జరిగిందేమిటంటే, మామూలుగా మనం వాడేది బీ ఫ్లాట్ క్లారినెట్. కాగితం మీద సీ అని ఉన్నది వాయిస్తే బయటికి బీ ఫ్లాట్ పలుకుతుంది, ఒక పూర్తి స్వరం కిందకి. మాకు విడిగా రాసి ఇస్తారు, లేదా చూస్తూనే ఒక మెట్టు పైకి మార్చుకుని వాయించాలి. ఆ రోజు కాగితం పియానో శ్రుతిలో ఉంది, నేను మార్చలేదు. పదహారు వయొలిన్ల మధ్య నాదొక్కటే వేరే దారిన పోయింది. మధ్యాహ్నం నుంచి నన్ను పిలవలేదు. చూస్తూ శ్రుతి మార్చి వాయించడం రాకపోతే స్టూడియో గడప తొక్కొద్దని చెప్పండి. పైగా ఇప్పుడు ఆ పని కూడా బాగా తగ్గిపోయింది, కీబోర్డులో క్లారినెట్ శాంపిల్ నొక్కితే సరిపోతుంది చాలామందికి. అసలు మనిషిని పిలిచేది గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడం, కావాల్సినప్పుడే. అంటే మనకు మిగిలిన బలం అదే.

ఇప్పుడు కర్ణాటక సంగీతం దగ్గరికొద్దాం, నేను ఎక్కువ మాట్లాడేది ఇక్కడే.

క్లారినెట్ మన దక్షిణాది సంగీతంలోకి 19వ శతాబ్దంలో తంజావూరు నుంచి వచ్చింది. నాట్యమేళంలో, ముఖవీణ అనే చిన్న సన్నాయి లాంటి వాద్యం ఉండే చోట, దీన్ని ప్రవేశపెట్టింది మహాదేవ నట్టువనారు అని చెప్తారు. చాలాకాలం ఇది నాట్యానికి పక్కవాద్యమే. దాన్ని తీసుకొచ్చి కచేరీ వేదిక మధ్యలో కూర్చోబెట్టిన మనిషి తిరుచిరాపల్లికి చెందిన ఎ.కె.సి. నటరాజన్. 2008లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన నాగస్వరం కూడా నేర్చుకున్నాడు, అది ఆ వాయింపులో తెలుస్తుంది, క్లారినెట్ పాడుతున్నట్టుంటుంది తప్ప కీలు కదులుతున్నట్టుండదు. హిందుస్తానీలో ఐతే మన పక్కనే రాయచూరు జిల్లా నుంచి వచ్చిన పండిట్ నరసింహలు వడవాటి ఉన్నారు. మీ తమ్ముణ్ని ఇద్దర్నీ వినమనండి, ఒకే వాద్యం రెండు గొంతులతో ఎలా పాడుతుందో తెలుస్తుంది.

ఇప్పుడు నా చిక్కు. వేణువు కానీ సన్నాయి కానీ గట్టిగా ఊదితే అదే వేళ్లతో పై స్థాయి పలుకుతుంది, సా వేస్తే పై సా. క్లారినెట్ అలా కాదు. ఒకవైపు మూసిన గొట్టంలా పనిచేస్తుంది కాబట్టి సా వేళ్లు పెట్టి ఎడమ బొటనవేలి దగ్గరున్న రిజిస్టర్ కీ నొక్కితే పై సా రాదు, పై స్థాయి పా వస్తుంది. వేణువు నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడ బిక్కమొహం వేస్తారు. దీనివల్ల వాద్యం మధ్యలో ఒక అతుకు ఉంటుంది. ఒకటో శ్రుతిలో, అంటే పియానో సీ ని సా అనుకుని, వాయిస్తున్నామనుకోండి, శుద్ధ మధ్యమానికి, అంటే మాకి, వచ్చేసరికి వేళ్లన్నీ లేచిపోయి ఉంటాయి, పా ఒక చిన్న కీ నొక్కితే పలుకుతుంది, చతుశ్రుతి ధైవతానికి, అంటే దాకి, వెళ్లాలంటే ఉన్నట్టుండి అన్ని వేళ్లూ ఒక్కసారి మూసి రిజిస్టర్ కీ నొక్కాలి. పాడేవాడికి పా నుంచి దా పక్కింటికి వెళ్లడం. మాకు మేడ దిగి వీధి దాటి ఇంకో మేడ ఎక్కడం. పా, దా మధ్య జారు కావాలంటే వేలు ఎక్కణ్నించి ఎక్కడికి జారుతుంది? జారడానికి అక్కడ దారే లేదు.

డిప్లొమాలో ఉన్నప్పుడు ఈ మెట్టు దగ్గర ప్రతిసారీ తడబడేవాణ్ని. మాష్టారు వయొలిన్ విద్వాంసులు, గొప్ప మనిషి, కానీ ఈ చిక్కు ఆయన వేళ్లకు తెలియదు. "సాధన చెయ్యి" అనేవారు. చేశాను, నాలుగేళ్లు. తడబాటు వేగంగా వచ్చేది, అంతే తేడా.

దాన్ని విప్పింది నేర్పడం.

నేర్పడం మీద నా ఆదాయంలో సగానికి పైనే వస్తుంది, మీ తమ్ముడికీ అలాగే వస్తుందని రాసిపెట్టుకోండి. ఎక్కడి పిల్లలు అంటారా? నా దగ్గర ఎక్కువమంది అమెరికా పిల్లలు. అక్కడ స్కూల్లో ఐదో తరగతో ఆరో తరగతో రాగానే బ్యాండు క్లాసుంటుంది, వాద్యం ఎంచుకోమంటారు, మన పిల్లలు చాలామంది క్లారినెట్టే పడతారు. రెండేళ్లయ్యాక వాళ్ల అమ్మకో అమ్మమ్మకో ఆశ పుడుతుంది, ఎలాగూ వాయిస్తున్నాడు కదా, ఒక కీర్తన వాయిస్తే దసరాకి బాగుంటుంది అని. పాఠం ఆన్‌లైన్‌లో, నాకు పొద్దున ఐదున్నర, డాలస్‌లో వాళ్లకు ముందు రోజు సాయంత్రం. ఆ పిల్లలు కాగితం చూసి గడగడా వాయించేస్తారు, మన పిల్లలకు రానంత శుభ్రంగా. కానీ సా నుంచి రీకి జారమంటే జారలేరు, మెట్లు దూకుతారు.

వాళ్లలో ఒక పిల్లవాడు, పన్నెండేళ్లుంటాయి. పా-దా దగ్గర ప్రతిసారీ కీచుమనేది. కెమెరా దగ్గరగా పెట్టమని మూతి చూశాను, వేళ్లు కాదు. ఆ మెట్టు వస్తోందనగానే భయంతో కింది పెదవిని పళ్లతో గట్టిగా బిగిస్తున్నాడు. సరేనని అద్దం ముందు నేను వాయించి చూసుకున్నాను, ఇరవై ఐదేళ్లుగా నేనూ అదే చేస్తున్నాను! వాడికి చెప్పడం కోసం నేను మొదటిసారి ఆ కదలికని ముక్కలు చేశాను: ముందు కుడి చేతి వేళ్లు మూసి ఉంచేసి మా వాయించు, శ్రుతి పెద్దగా మారదు, తర్వాత అవే మూసి ఉంచి పా వాయించు, ఇప్పుడు దాకి ఎడమ చేతివి మాత్రం మూస్తే చాలు. పాశ్చాత్య పద్ధతి పుస్తకాల్లో ఇది మామూలు కిటుకే. కర్ణాటక సంగీతంలో నాకెవరూ చెప్పలేదు, ఎందుకంటే నాకు నేర్పినవాళ్లెవరూ క్లారినెట్ వాయించేవాళ్లు కారు.

నేర్పడం గురించి ఇంకో రెండు ముక్కలు. మీ తమ్ముడు ఇప్పుడే మొదలుపెట్టొచ్చు, ఇంటి చుట్టుపక్కల పిల్లలు ఇద్దరు చాలు. లండన్ సంస్థలు ట్రినిటీ కానీ ఏబీఆర్ఎస్ఎం కానీ పెట్టే పాశ్చాత్య సంగీతం గ్రేడు పరీక్షలు తనూ రాస్తే మంచిది, ఎనిమిదో గ్రేడు కాగితం చేతిలో ఉంటే నగరాల్లో ఇంటర్నేషనల్ స్కూళ్లు తలుపు తీస్తాయి. సర్కారు సంగీత కళాశాలల్లో ఉద్యోగం అంటే ఆశ పెట్టుకోవచ్చు కానీ లెక్క వేసుకోవద్దు, క్లారినెట్‌కని విడిగా పోస్టు పడటం నేను చూడలేదు.

బాణీలు కట్టడం. ఇక్కడ కుర్రవాళ్లు చేసే తప్పు ఒకటుంది, మొదటి రోజే "నా సొంత కంపోజిషన్" అంటారు. నేనైతే పాఠాల నుంచి మొదలుపెట్టమంటాను. ఆ డాలస్ పిల్లవాడి కోసం పా-దా మెట్టు దాటించే చిన్న చిన్న స్వరవరసలు రాశాను, మొదట పన్నెండు, ఇప్పుడు నలభై దాటాయి. వాటిల్లో కొన్ని వాయిస్తుంటే బాగున్నాయనిపించి మోహనంలో, హంసధ్వనిలో రెండు క్లారినెట్లకు పెంచి రాశాను. అవే తర్వాత ఒక నాట్య ప్రదర్శనకి పనికొచ్చాయి, అక్కణ్నించి ఇంకొకరు పిలిచారు. అలా మొదలైంది. ఇప్పుడు నెలకొకటో రెండో స్కోర్లు రాసిస్తుంటాను, ఎవరో పాట పంపి స్కూలు బ్యాండుకి రాసిమ్మంటారు, నాట్యం టీచర్లు క్లారినెట్ బిట్లు అడుగుతారు. ఇందులో పేరు రాదు కానీ డబ్బు ఆలస్యం కాకుండా వస్తుంది, పెళ్లి వాళ్లలాగా మూడు నెలలు తిప్పరు.

సొంతంగా బాణీ కట్టినప్పుడు కాగితం మీద రాసుకోకుండా ఎవరికీ ఇవ్వొద్దు. 2012లో కాపీరైటు చట్టం మార్చాక స్వరకర్తకి రాయల్టీ హక్కు గట్టిపడింది, స్వరకర్తల తరఫున రాయల్టీలు వసూలు చేసే ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకోమనండి. నేను ఆ చట్టానికి ముందు ఒక క్యాసెట్ కంపెనీకి పది నిమిషాల సంగీతం రెండు వేలకు ఇచ్చేశాను. ఎంతకాలం వాళ్ల ప్రకటనల్లో వచ్చిందో!

ఈ నాలుగూ ఒకే మనిషి చేయగలడా అన్నారు కదా, చేసిన పెద్దవాళ్లున్నారు. నాకు ఇష్టమైనవాడు అమెరికాకి చెందిన బిల్ స్మిత్, 1926లో పుట్టి 2020లో పోయాడు. పియానో వాయించే డేవ్ బ్రూబెక్‌తో కలిసి జాజ్ వాయించాడు, యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పాడు, ఆధునిక సంగీతం రాశాడు. జాజ్‌కి బిల్ స్మిత్ అని, రాసిన సంగీతానికి విలియం ఓ. స్మిత్ అని పేరు వేసుకునేవాడు, ఒకే మనిషని చాలామందికి తెలిసేదే కాదు. క్లారినెట్‌లో ఒకేసారి రెండు మూడు స్వరాలు పలికించవచ్చని, ఏ వేళ్లు పెడితే ఏ స్వరాల గుత్తి వస్తుందో వరసగా వెతుక్కుంటూ రాసుకుంటూ పోయాడు, దాని మీదే 1963లో ఒంటి క్లారినెట్‌కి ఒక రచన చేశాడు. చూడండి, అది పరిశోధనా, రచనా, వాయింపా? ఆయన ముందు తరాల్లో పారిస్‌లో క్లోజే అనే మాష్టారు. అక్కడి సంగీత కళాశాల కన్సర్వేటరీలో పాఠాలు చెప్తూ, వాద్యాలు చేసే బఫేతో కూర్చుని 1839లో కొత్త కీల అమరిక తెచ్చాడు, దానికి తగ్గ పాఠ్యపుస్తకమూ రాశాడు. ఈరోజు దుకాణంలో దొరికే క్లారినెట్లలో ఎక్కువ భాగం ఆ అమరికే, బోమ్ పద్ధతి అంటారు. పాఠం చెప్పేవాడికి పిల్లల వేళ్లు ఎక్కడ చిక్కుకుంటున్నాయో రోజూ కనిపిస్తుంది కదా.

పరిశోధన మాత్రం ఇప్పుడే వద్దని నా సలహా. నేను 41 ఏళ్లకు మొదలుపెట్టాను, ఐదేళ్లు పట్టింది. విషయం మీరు ఊహించే ఉంటారు, ఆ పా-దా మెట్టే. శ్రుతి మారితే అతుకు కూడా ఇంకో స్వరం మీదకి జరుగుతుంది, ఆరున్నర శ్రుతిలో, అంటే బీ ఫ్లాట్‌ని సా అనుకుంటే, నిషాదం (నీ) దగ్గర పడుతుంది. ఒకే సంచారాన్ని, అంటే ఒకే స్వరాల నడకని, వేర్వేరు శ్రుతుల్లో వాయించి రికార్డు చేసి, ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి స్వరం గీత ఎలా వంగుతోందో చూశాను. మొదటి రెండేళ్లు వేళ్లనే చూస్తూ కూర్చున్నాను, ఏమీ తేలలేదు. తర్వాత ఊళ్లలో పాత బ్యాండు మాష్టార్లను కలిసి వాయించమని రికార్డు చేసుకున్నాను. వాళ్ల గీత నాకంటే నున్నగా ఉంది! వేలు జారలేని చోట వాళ్లు పెదవి వదులుచేసి స్వరాన్ని కిందకి దించి, అక్కణ్నించి ఎక్కిస్తున్నారు. కాలేజీలో మెట్టెక్కలేక నాలుగేళ్లు ఏడ్చిన పని, నొటేషన్ రాని పెద్దాయన బీడీ పక్కన పెట్టి అలవోకగా చేసి చూపించాడు. మా నాన్న కూడా అలాగే చేసేవాడని అప్పుడు గుర్తొచ్చింది. పక్కనే నిలబడి పదేళ్లు విన్నాను, ఎప్పుడూ అడగలేదు.

అందుకే అంటున్నాను, ప్రశ్న లేకుండా పీహెచ్‌డీలో చేరితే పుస్తకాల్లోంచి ఎత్తి రాసిన థీసిస్ తయారవుతుంది. అలాంటివి అల్మారాల నిండా ఉన్నాయి. కాకపోతే లెక్చరర్ అర్హతకి, పరిశోధన ఫెలోషిప్‌కి పెట్టే యూజీసీ నెట్ పరీక్ష మాత్రం ఎంఏ సంగీతం కాగానే రాయమనండి. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేలు, దానికి 30 ఏళ్ల వయసు పరిమితి ఉంది, నాలా నలభైల్లో వెళ్తే అది దొరకదు. నేను చెప్పినదానికి ఇది అడ్డంగా ఉందని తెలుసు. డబ్బు ఒక దారి చెప్తుంది, సంగీతం ఇంకో దారి చెప్తుంది, ఇద్దరి మాటా వినాలి.

జీతం వచ్చే దారులు కూడా నాన్నగారికి చెప్పండి, ఆయనకు కావాల్సింది అదే. పోలీసు బ్యాండు మావయ్యగారికే తెలుసు. మిలిటరీ బ్యాండులున్నాయి, వాళ్ల శిక్షణ మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో. వాయుసేనలో అగ్నివీర్‌వాయు మ్యుజీషియన్ అని తీసుకుంటారు, క్లారినెట్ ఆ వాద్యాల్లో ఉంది, కానీ నాలుగేళ్లే, వయసు కూడా చూసుకోవాలి. ముంబైలో 2006లో పెట్టిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది కానీ అక్కడ కుర్చీ దొరకడం చాలా కష్టం, పాశ్చాత్య సంగీతంలోనే పెరిగి ఉండాలి. ఆకాశవాణి ఆడిషన్ ఇమ్మనండి. అక్కడ బీ గ్రేడు వచ్చినా డబ్బు పెద్దగా రాదు, కానీ ఊళ్లో పిల్లల తల్లిదండ్రుల దగ్గర ఆ ఒక్క మాట చాలా పని చేస్తుంది.

ఒంటి సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. క్లారినెట్ బరువు ముప్పావు కిలో పైనే, అదంతా కుడి బొటనవేలి మీద. నాకు నలభై ఐదుకే వేలు పట్టేసింది, మెడకు పట్టీ వేసుకుని వాయిస్తున్నాను, ముందే వేసుకోవాల్సింది. డ్రమ్ముల పక్కన నిలబడితే చెవికి దూది కాదు, సరైన ఇయర్ ప్లగ్గులు పెట్టుకోవాలి. ఇక పళ్లు. పై పళ్లు మౌత్‌పీసు మీద ఆనించి వాయిస్తాం. మా నాన్నకి యాభై ఆరో ఏట ముందరి పళ్లు రెండు ఊడాయి. కట్టుడు పళ్లు పెట్టించుకున్నాడు, ఊదుతుంటే కదిలేవి. పై పెదవిని కూడా లోపలికి మడిచి వాయించడం నేర్చుకోవడానికి ఏడాది పట్టింది, ఆ ఏడాది మేళంలో తాళాలు వేశాడు. ఇంటికొచ్చి ఏమీ అనేవాడు కాదు. పళ్ల డాక్టరు దగ్గరికి ఏడాదికోసారి వెళ్లమనండి, నవ్వులాట కాదు.

వాద్యం విషయం. మీరట్‌లో జాలీ కోఠీ అని బ్యాండు సామానంతా తయారయ్యే చోటు, అక్కడి క్లారినెట్ పది వేల లోపే దొరుకుతుంది, నేర్చుకోవడానికి, ఊరేగింపుకి పరవాలేదు. కచేరీ అంటే శ్రుతి నిలవదు. యమహా ప్లాస్టిక్‌ది అరవై డెబ్బై వేలు అవుతుంది, మొదటి పదేళ్లకు అది చాలు. బఫే ఆర్ 13 లాంటి కర్ర క్లారినెట్లు నాలుగైదు లక్షల పైమాట, పైగా మన ఎండలకు, ఏసీ గదులకు మధ్య తిరిగితే కర్ర పగులుతుంది. అప్పు చేసి కొనొద్దు. రీడు రెండున్నర నంబరుతో ఉండమనండి, నంబరు పెరిగేకొద్దీ రీడు గట్టిగా ఉంటుంది, కుర్రవాళ్లు గొప్పకి మూడున్నర పెట్టి పెదవి కోసుకుంటారు, గమకం చచ్చిపోతుంది.

నాన్నగారితో ఇలా మాట్లాడి చూడండి: డిగ్రీ ఆపడు, పూర్తి చేస్తాడు, ఆ తర్వాత మూడేళ్లు గడువు. మొదటి ఏడాదిలో ఐదుగురు శిష్యులు, ఆకాశవాణి ఆడిషన్. రెండో ఏడాదికి గ్రేడు పరీక్ష, ఎంఏ సంగీతం. మూడో ఏడాది చివరికి వాడి ఖర్చులు వాడే పెట్టుకోవాలి. కాలేదా, డిగ్రీ చేతిలో ఉంది, ఉద్యోగం చూసుకుంటూ సాయంత్రాలు నేర్పుకోవచ్చు, అలా బతుకుతున్నవాళ్లే మాలో ఎక్కువ. నన్ను మా నాన్న ఏ గడువూ పెట్టకుండా పంపాడు, అందుకే మద్రాసులో మూడేళ్లు ఊరికే పోయాయి.

ఒక పని చేయండి. మీ తమ్ముడి క్లారినెట్ ఫోటో, వేళ్లు పెట్టే వైపు నుంచి, కింద కామెంట్లో పెట్టండి. పోలీసు బ్యాండుల్లో పాత అమరికవి ఇంకా తిరుగుతున్నాయి, అదా బోమ్ పద్ధతిదా అన్నది రంధ్రాల చుట్టూ ఉండే ఉంగరాలు చూస్తే చెప్పేస్తాను, గమకాల విషయంలో చాలా తేడా వస్తుంది. ఫోటోతో పాటు వాడు పా నుంచి దాకి నెమ్మదిగా వెళ్లేది ఒక్క నిమిషం రికార్డు చేసి పెట్టమనండి, మూతి కనపడేలా.